నష్టపరిహారంతో కొన్న విమానాలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే మనకు నకారా తీర్పు వచ్చిన రోజు. 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు గురించి, డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడడానికి ఈ వేదిక మీద నాకంటే సమర్థులు ఐదారుగురున్నారు. అందుకే కార్యదర్శిగారు నాతో, "మీరు కెనడా వెళ్ళొచ్చారు గదా, ఆ మంచు కబుర్లేవైనా చెప్పండి, జనం నిద్రపోకుండా ఉంటారు" అన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాకు సమయమిచ్చారు కాబట్టి ఆ రెండో మాట విషయంలో నేను హామీ ఇవ్వలేను.

కెనడా వెళ్ళొచ్చినవాళ్ళు సాధారణంగా నయాగరా జలపాతం గురించి చెబుతారు. అది నేనూ చూశాను. బాగుంది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. నేను చెప్పబోయేది ఒక చిన్న విమాన కంపెనీ గురించి. దాని పేరు ఎయిర్ ఇనుయిట్. గుమాస్తాకు విమాన కంపెనీతో ఏం పని అని మీరనుకోవచ్చు. పని ఉంది. కాస్త ఓపిక పట్టండి.

మా చిన్నమ్మాయి, అల్లుడు మాంట్రియల్‌లో ఉంటారు. అల్లుడు తాగునీటి శుద్ధి యంత్రాల ఇంజనీరు. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఉత్తరాది ఊళ్ళకు వెళ్ళి ఆ యంత్రాలు చూసి వస్తాడు. 2012 ఆగస్టులో మేమిద్దరం, అంటే నేనూ మా ఆవిడా, అక్కడున్నాం. మనవరాలు పుట్టి నెల రోజులైంది. ఇంట్లో ఆడవాళ్ళ హడావుడిలో నేను అడ్డం పడుతున్నానని అందరికీ తెలిసిపోయింది. అల్లుడు ఒకనాడు, "మామయ్యగారూ, నాతో వస్తారా, వారం రోజులు" అన్నాడు. ఎక్కడికంటే గోడ మీద మ్యాపులో పైకి, ఇంకా పైకి చూపించాడు. మా ఆవిడ రెండు మంకీ క్యాపులు సర్దింది. టిక్కెట్టు ఎంతయిందో అల్లుడు ఈ రోజు వరకూ నాకు చెప్పలేదు. అక్కడ కౌంటరు దగ్గర వేరేవాళ్ళు చెల్లిస్తుంటే ఓరకంట చూశాను. ఆ డబ్బుతో మన హైదరాబాదు నుంచి మాంట్రియల్‌కు వెళ్ళి రావచ్చు.

ముందు ఆ ప్రాంతం సంగతి రెండు మాటల్లో చెబుతాను. క్యూబెక్ రాష్ట్రంలో 55వ అక్షాంశానికి పైన ఉన్న భాగాన్ని నునావిక్ అంటారు. వైశాల్యం సుమారు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు రెండింతలు. జనాభా పద్నాలుగు వేలు. తప్పు చదవలేదు, పద్నాలుగు వేలే. మన దగ్గర ఒక మేజర్ పంచాయతీ. ఆ పద్నాలుగు వేలమంది పద్నాలుగు ఊళ్ళలో, హడ్సన్ అఖాతం ఒడ్డునా, హడ్సన్ జలసంధి ఒడ్డునా, ఉంగావా అఖాతం ఒడ్డునా ఉంటారు. ఎక్కువమంది ఇనుయిట్ జాతివారు. మనం చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో ఎస్కిమోలని చదువుకున్నామే, వాళ్ళు. ఆ పేరు వాళ్ళకిష్టం లేదు, అనకూడదు.

ఇప్పుడు అసలు మాట. ఆ పద్నాలుగు ఊళ్ళలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. దక్షిణాదికీ రోడ్డు లేదు. రైలు లేదు. వేసవిలో సముద్రం కరిగిన నాలుగు నెలలు ఓడలొస్తాయి. సిమెంటు, డీజిలు, జీపులు, ఫ్రిజ్‌లు, ఏడాదికి సరిపడా పిండి, అన్నీ ఆ ఓడల మీదే. మిగతా కాలమంతా విమానమే. పురుడొస్తే విమానం, పన్ను నొప్పి వస్తే విమానం, పరీక్ష పేపర్లు విమానం, కోర్టు జడ్జీగారు కూడా విమానంలోనే వచ్చి తీర్పు చెప్పి మళ్ళీ విమానం ఎక్కుతారు. మన పల్లెవెలుగు బస్సు ఎంతో, వాళ్ళకు ఆ విమానం అంత.

మాంట్రియల్‌లో ఎక్కిన విమానం పేరు డాష్-8. రెక్కలకు పంకాలున్న రకం. లోపల ముందు భాగానికి ఒక అడ్డుగోడ. గోడకవతల సరుకు, ఇవతల జనం. సరుకెక్కువైతే గోడ వెనక్కి జరుపుతారు, జనమెక్కువైతే ముందుకు. "ఇవాళ సరుకెక్కువుంది మామయ్యగారూ, అరటిపండ్లు వెళుతున్నాయి" అన్నాడు అల్లుడు. ఆ రోజు ఎనిమిదిమంది మనుషులం, మిగిలినదంతా అరటిపండ్లు, పాలు, ఒక మోటారుసైకిలు ఇంజను. మొదట ఇనుక్టిటుట్ భాషలో, తరవాత ఇంగ్లీషులో, ఫ్రెంచిలో ప్రకటన చేశారు. ఆ భాషకు ఒక లిపి ఉంది. త్రికోణాలు, కొక్కేలు. చూస్తే షార్ట్‌హ్యాండ్ నోట్సు గుర్తొచ్చింది నాకు. మా సెక్షనులో స్టెనో రాసిన కాగితాలు అలాగే ఉండేవి, ఆయనకు తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు.

దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు వెళ్ళాక లా గ్రాండ్ అనే చోట దిగింది, ఇంధనం పోసుకోవడానికి. కిటికీలోంచి చూస్తే ఒక జలాశయం. కనుచూపు మేర నీళ్ళు, మధ్యలో మునిగిన కొండల తలలు. నాకు ఒళ్ళు జల్లుమంది. ఎందుకంటే అలాంటి నీళ్ళను నేను ముందు ఒకసారి చూశాను.

సోదరులారా, నేను 1972లో గుమాస్తాగా చేరాను. 1979లో నన్ను ఒక ప్రాజెక్టు తాలూకు భూసేకరణ కార్యాలయానికి బదిలీ చేశారు. ఏ ప్రాజెక్టు, ఏ కార్యాలయం అన్నది ఇక్కడ అవసరం లేదు. ఇక్కడున్న కొందరికి తెలుసు, వాళ్ళు అప్పుడు నాతోపాటు అదే రేకుల షెడ్డులో పనిచేశారు. ముంపు గ్రామాల అవార్డులు, చెక్కుల రిజిస్టరు నా సీటు. సర్వే నంబరు, విస్తీర్ణం, చెట్లు ఎన్ని, బావి ఉందా, రేటు, సొలేషియం, వడ్డీ, మొత్తం. సంతకం లేదా వేలిముద్ర. రోజుకు నలభై, యాభై చెక్కులు. నా కుడిచేతి మధ్యవేలు మీద కాయ ఇప్పటికీ ఉంది, అది ఆ రిజిస్టరుదే.

దాని సంగతి మళ్ళీ వస్తాను. లా గ్రాండ్ దగ్గర అల్లుడు చెప్పిన కథ ముందు వినండి.

1971 ఏప్రిల్ 30న క్యూబెక్ ముఖ్యమంత్రి రాబర్ట్ బురాసా జేమ్స్ బే జలవిద్యుత్ పథకాన్ని ప్రకటించాడు. నదుల్ని మళ్ళించి, ఆనకట్టలు కట్టి, వేల మెగావాట్ల కరెంటు తీయాలి. ఆ నేల మీద క్రీ జాతివాళ్ళు, పైన ఇనుయిట్లు వేటాడుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతుకుతున్నారు. వాళ్ళనెవరూ అడగలేదు. వాళ్ళకు పట్టాలూ లేవు, అడంగలూ లేదు. రికార్డులో లేని మనిషికి నోటీసు ఎవరిస్తారు? వాళ్ళు కోర్టుకెళ్ళారు. 1973 నవంబరు 15న జడ్జి ఆల్బర్ట్ మలూఫ్ పనులు ఆపమని ఉత్తర్వులిచ్చారు. వారం తిరిగేసరికి పైకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. అయినా ప్రభుత్వానికి భయం పట్టుకుంది, కేసు ఎటు తిరుగుతుందో తెలియదు గనుక. చర్చలకు కూర్చున్నారు. 1975 నవంబరు 11న ఒప్పందం కుదిరింది. క్రీలకు, ఇనుయిట్లకు కలిపి 22 కోట్ల 50 లక్షల డాలర్ల పరిహారం. బదులుగా ఆ నేల మీద తమకున్న హక్కులు వదులుకున్నారు. కొంత భూమి, వేట హక్కులు, సొంత బడుల పాలన మిగిలాయి.

ఇక్కడ నేను అల్లుణ్ణి ఆపాను. "మనిషికెంత వచ్చింది?" అనడిగాను. చెక్కుల గుమాస్తా కదా, అదే మొదట అడుగుతాడు. "మనిషికింత అని పంచలేదు మామయ్యగారూ" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. పంచకుండా ఎలా?

పంచలేదు. ఇనుయిట్ల వాటా సొమ్ము పెట్టడానికి, చూసుకోవడానికి మకివిక్ అనే సంస్థను 1978లో చట్టం చేసి ఏర్పాటు చేశారు. ఊళ్ళవాళ్ళే ఓట్లేసి దాని అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. మొదటి అధ్యక్షుడు చార్లీ వాట్, ఆ ఒప్పందం కోసం పోరాడినవాళ్ళలో ముందువరస మనిషి. ఆ ఏడాదే ఎయిర్ ఇనుయిట్ పుట్టింది. ఒక్క బీవర్ విమానంతో మొదలు. అది ఒక్క ఇంజనుది, ఏడెనిమిదిమంది కూడా పట్టరు. నీళ్ళ మీదా దిగుతుంది, మంచు మీదా దిగుతుంది. తరవాత ట్విన్ ఆటర్లు, హాకర్ సిడ్లీలు, డాష్-8లు, బోయింగు 737లు. 1990లో మకివిక్ ఫస్ట్ ఎయిర్ అనే ఇంకో పెద్ద కంపెనీని కొనేసింది.

వీళ్ళే ఎందుకు నడపాలి, వేరే కంపెనీలు లేవా అని మీరడగవచ్చు. ఉన్నాయి. పద్నాలుగు వేలమందిలో లాభం చూసుకునే కంపెనీ మూడు పెద్ద ఊళ్ళకు నడుపుతుంది. నాలుగువందల జనాభా ఉన్న ఊరికి వారానికి ఆరుసార్లు ఎవడు నడుపుతాడు? మన దగ్గర వాయుదూత్ కథ మీకు గుర్తుండే ఉంటుంది. 1981లో ఈశాన్య రాష్ట్రాల మారుమూలల కోసమని ప్రభుత్వం మొదలుపెట్టింది. తరవాత దేశమంతా ఊళ్ళ పేర్లు చేర్చుకుంటూ పోయారు. నష్టాల్లో మునిగి 1997కల్లా పూర్తిగా మూతబడింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద కడప నుంచి హైదరాబాదుకు విమానం ఎగిరినప్పుడు మనమందరం పేపర్లో చూసి సంతోషించాం. అది నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. నడిపేవాడికి ఆ ఊరు సొంతం కాకపోతే ఆపేయడం తేలిక, అంతే నా ఉద్దేశం. పైలట్లను, అధికారులను తప్పుపట్టడం లేదు.

పువిర్నిటుక్ అనే ఊళ్ళో దిగాం. మాంట్రియల్ నుంచి సుమారు 1600 కిలోమీటర్లు. ఆగస్టులో మన జనవరి కంటే చలి. చెట్టన్నది లేదు. రాయి, గడ్డి, నాచు, నీళ్ళు, ఆకాశం. రన్‌వే మీద తారు లేదు, కంకర. ఆ కంకర మీద పెద్ద బోయింగు కూడా దిగుతుందని విని నేను నమ్మలేదు. పాత రకం 737 ముందు చక్రానికి ఒక పళ్ళెం లాంటిది బిగిస్తారు, రాళ్ళు ఎగిరి పొట్టకు తగలకుండా. ఇంజను కింద ఒక సన్నటి గొట్టం గాలిని ఊదుతూ ఉంటుంది, రాళ్ళను లోపలికి లాక్కోకుండా. ఎవరో గుమాస్తా బుర్ర ఉన్న ఇంజనీరు కనిపెట్టి ఉంటాడు. ఈ ఊళ్ళలో సరైన రన్‌వేలు 1980లలో, ప్రభుత్వాల సొమ్ముతో వేశారు. దానికి ముందు ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఊళ్ళో నీళ్ళు ట్యాంకరులో వస్తాయి. నేల లోపల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి గొట్టాలు వేయలేరు. ట్యాంకరు నింపిపోతుంది, ఇంకో ట్యాంకరు మురుగు తీసుకుపోతుంది. అల్లుడి పని అక్కడే. అతను పనికి పోగానే నేను కో-ఆపరేటివ్ స్టోరుకు వెళ్ళేవాణ్ణి. వాళ్ళ సహకార సంఘాల సమాఖ్య 1967 నుంచీ ఉంది. ధరలు చూసి గుండె ఆగినంత పనైంది. పాలు, పళ్ళు, కూరలు మాంట్రియల్‌లో ఉన్నదానికి రెండింతలు. వేటాడినదీ, పట్టిన చేపా లేకపోతే వాళ్ళు బతకలేరు. పూర్వం ప్రభుత్వం తపాలా శాఖ ద్వారా తిండి వస్తువులకు విమానం ఛార్జీ రాయితీ ఇచ్చేది. 2011 ఏప్రిల్ నుంచి దాన్ని ఎత్తేసి దుకాణాలకే సబ్సిడీ ఇస్తున్నారు. దుకాణంవాడు ఆ సబ్సిడీ మొత్తం జనానికి వదులుతాడా అన్నది అక్కడ పెద్ద చర్చ. మన రేషన్ డీలర్ల కథలు ఆడిట్ చేసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు, వాళ్ళు నవ్వుతున్నారు చూడండి.

ఆ ఊరి ఆసుపత్రి గురించి ఒక మాట చెప్పాలి. పూర్వం ఆ తీరంలో ఏ స్త్రీకి నెలలు నిండినా విమానంలో దక్షిణాదికి పంపేసేవారు. అమ్మ లేదు, అత్త లేదు, భాష రాదు, ఒక్కతే వారాల తరబడి. 1986లో ఆ ఊళ్ళోనే ప్రసూతి కేంద్రం పెట్టి, ఇనుయిట్ స్త్రీలకే మంత్రసానులుగా శిక్షణ ఇచ్చారు. అప్పటి నుంచి ఎక్కువ కాన్పులు అక్కడే. విమానం ఉండడం ఎంత మేలో, విమానం ఎక్కనక్కరలేకుండా ఉండడం అంతకంటే మేలని అక్కడివాళ్ళు గ్రహించారు. ఇంకో సంగతి తరవాత చదివాను. అత్యవసరంగా పసిపిల్లల్ని తీసుకుపోయే రాష్ట్ర ప్రభుత్వపు ఆంబులెన్సు విమానంలో తల్లిదండ్రుల్ని ఎక్కనిచ్చేవారు కాదు. పిల్లలు ఒంటరిగా పోయేవారు. 2018లో ఆ రూలు మార్చారు. ఎవరో గుమాస్తా రాసిన రూలే అది. రాసేటప్పుడు ఆయనకు సబబుగానే తోచి ఉంటుంది.

నాలుగో రోజు అల్లుడికి ఇవుజివిక్‌లో పని. క్యూబెక్ మొత్తంలో ఉత్తరాన చిట్టచివరి ఊరు. ట్విన్ ఆటర్‌లో వెళ్ళాలి. పందొమ్మిది సీట్లు, రెండు ఇంజన్లు, పైలట్లకూ మనకూ మధ్య తలుపు లేదు. పైలటు ఏ మీట నొక్కుతున్నాడో కనిపిస్తుంది, చూడకుండా ఉంటే మంచిది. ఉదయం ఏడింటికి విమానాశ్రయానికి వెళ్ళాం. పొగమంచు. తొమ్మిదైంది, పదకొండైంది. పొగమంచు. కౌంటరులో అమ్మాయి పలక మీద ఏదో రాసింది, జనం చదివి మళ్ళీ కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. మన దగ్గర బస్సు పావుగంట ఆలస్యమైతే డిపో మేనేజరు ఇంటి గేటు ఊడిపోతుంది. ఒకావిడ అట్టపెట్టెలో గడ్డకట్టిన చేప పెట్టుకుని కూర్చుంది, కూతురి ఊరికి. పిల్లలు నేల మీద ఆడుకుంటున్నారు. థర్మాస్‌లో టీ ఒకరి నుంచి ఒకరికి తిరుగుతోంది. నా దాకా కూడా వచ్చింది.

నా పక్కన ఒక పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి. నా మంకీ క్యాపు ఆయనకు బాగా నచ్చింది. ఇంగ్లీషు కొంచెం వచ్చు, రానిచోట అల్లుడికి తెలిసిన కుర్రాడొకడు అందించాడు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏం పనిచేశావు అనడిగాడు. భూమి కొలిచి డబ్బులిచ్చే ప్రభుత్వ కచేరీలో గుమాస్తానని చెప్పాను. ఆనకట్ట కోసమా అన్నాడు. అవునన్నాను. ఆయన నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. ఆయన చిన్నతనంలో కుక్కల బండే వాళ్ళ బస్సు. 1950లు, 60లలో పోలీసులు, అధికారులు ఆ కుక్కల్ని వందల సంఖ్యలో చంపేశారు. కాళ్ళు విరిచినట్టయింది. ఆ సంగతిని క్యూబెక్ ప్రభుత్వం 2011లో ఒప్పుకుంది. కేంద్రం ఆ తరవాత చాలా ఏళ్ళకు, 2024 నవంబరులో క్షమాపణ చెప్పింది. క్షయ వచ్చినవాళ్ళను ప్రభుత్వ ఓడ ఎక్కించుకుపోయేది, కొందరు తిరిగి రాలేదు, ఎక్కడ పూడ్చారో కూడా ఇంట్లోవాళ్ళకు తెలియదు. ఇక 1975 ఒప్పందం. ఆయన ముఖం గట్టిపడింది. "మేం ఒప్పుకోలేదు" అన్నాడు.

అది నాకు అల్లుడు చెప్పలేదు. పువిర్నిటుక్, ఇవుజివిక్ ఊళ్ళవాళ్ళు, సల్లుయిట్‌లో కొంతమంది ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించారు. నేల మీద హక్కును డబ్బుకు వదులుకోవడమేమిటని వాళ్ళ వాదన. మిగతా ఊళ్ళతో ఏళ్ళ తరబడి మాటల్లేవు, అన్నదమ్ములు విడిపోయారు. ఈ పెద్దాయన ఆ పక్షం. "మరి ఈ విమానం ఎక్కుతున్నారు కదా?" అన్నాను. అనకూడని మాటేమో, నోరు జారింది. ఆయన నవ్వాడు. మా అన్న శవం ఈ విమానంలోనే తెచ్చాం, మనవరాలి పెళ్ళికి ఈ విమానంలోనే పోయాను, టిక్కెట్టు కొన్నప్పుడల్లా తిడతాను, మాదే గనుక గట్టిగా తిడతాను అన్నాడు.

తరవాత ఆయన అడిగాడు: "మీ వైపు నీళ్ళలో పోయిన ఊళ్ళవాళ్ళు ఆ డబ్బుతో ఏం కొన్నారు?"

సోదరులారా, 1980లో ఒక మధ్యాహ్నం మా రేకుల షెడ్డుకు ఒక ముంపు గ్రామం నుంచి పదిహేనుమంది వచ్చారు. ముందు తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన. మా సూపరింటెండెంటు క్యాంపులో ఉంటే నా దగ్గరే కూర్చున్నారు. అర్జీ తెచ్చారు. ఎవరో బడిపంతులు చేత రాయించుకున్న చక్కటి దస్తూరి. "సారూ, మా దుడ్డు మాకు ఇడివిడిగా ఇస్తే నిలబడదు. ఊరందరిదీ ఒక చోట ఏసి రెండు బస్సులు కొనుక్కుంటాం. కొత్త ఊరికి దావ ల్యాదు, బస్సు ల్యాదు. బస్సు ఉంటే ఊరు ఉంటది. బస్సు మీద వచ్చింది అందరం పంచుకుంటాం. ఇట్ల ఇయ్యనీకి రాసియ్యి" అన్నాడు. షెడ్డు గేటు బయట అప్పటికే వడ్డీ వ్యాపారులు, బట్టల మూటలవాళ్ళు, సారా పాకలవాళ్ళు కాచుకుని ఉన్నారని మా అందరికీ తెలుసు. ఆయనకు మాకంటే ముందే తెలుసు.

నేను నోట్ పెట్టాను. 1894 భూసేకరణ చట్టం 31వ సెక్షను ప్రకారం పరిహారం అవార్డులో పేరున్న హక్కుదారుకే చెల్లించవలెను, లేదా కోర్టులో జమ కట్టవలెను. సమష్టిగా చెల్లించుటకు చట్టంలో అవకాశం లేదు. బస్సు పర్మిట్ల విషయం ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు. అర్జీని మూసివేయవచ్చును. సూపరింటెండెంటు వచ్చి చదివి, "చక్కగా రాశావయ్యా" అన్నారు. పై అధికారి సంతకమైంది. వచ్చే వారం పదిహేనుమందీ ఒక్కొక్కరే వచ్చి విడివిడిగా చెక్కులు తీసుకున్నారు. ఆ పెద్దాయన వేలిముద్ర నేనే వేయించాను. నాతో ఏమీ అనలేదు.

ఆ నోటులో తప్పు లేదు. ఈనాటికీ ఏ ఆడిటరు వచ్చినా ఒక్క అక్షరం పట్టలేడు. సహకార సంఘంగా రిజిస్టరు చేసుకోండి, చెక్కులు తీసుకుని మీరే అందులో జమ చేసుకోండి, రండి ఆ ఫారం నేను నింపి పెడతాను అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. అది నా సీటు పని కాదు. మూడేళ్ళ తరవాత నేను మరో ఊళ్ళో పనిచేస్తుండగా బస్టాండులో ఆయన నా దగ్గరికి వచ్చాడు. తలపాగా లేదు. కొడుకు ఎక్కడో గ్రానైటు క్వారీలో పనికి పోయాడు, ఊళ్ళో పది ఇళ్ళు మిగిలాయి. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. నేను టీ ఇప్పించాను.

పువిర్నిటుక్‌లో ఆ ప్రశ్నకు నేను, "బస్సులు కొందామనుకున్నారు" అన్నాను. కొన్నారా అన్నాడు. కొనలేదన్నాను. ఎందుకంటే, రూల్లో లేదన్నాను. ఆ కుర్రాడు దాన్ని వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. వెక్కిరింపు కాదు. ఆ మాట వాళ్ళూ చాలాసార్లు విన్నవాళ్ళే. పెద్దాయన మాత్రం నవ్వలేదు. థర్మాసు మూతలో ఇంకొంచెం టీ పోసి నా చేతికిచ్చాడు.

మధ్యాహ్నం రెండింటికి పొగ విడింది. ఇవుజివిక్ వెళ్ళాం, దారిలో అకులివిక్‌లో దిగి రెండు పెట్టెలు, ఒక గర్భిణీని ఎక్కించుకుని. అక్కడ దిగగానే సగం ఊరు రన్‌వే దగ్గర ఉంది, ఎవరొచ్చారో చూద్దామని. ఆ ఊరి గురించి, అక్కడ తిన్న చేప గురించి ఇంకోసారి చెబుతాను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మా ఆవిడకు ఆ చేప సంగతి తెలియదు, దయచేసి ఎవరూ చెప్పకండి.

వాళ్ళంతా సుఖంగా ఉన్నారని నేననడం లేదు. ఇళ్ళు చాలవు, ఒక్కో ఇంట్లో పదిమంది. కుర్రవాళ్ళ ఆత్మహత్యలు వింటే మనసు పాడవుతుంది. పైలట్లలో ఎక్కువమంది ఇంకా దక్షిణాదివాళ్ళే. సొంత విమానమైనా ఛార్జీలు తగ్గలేదు. మకివిక్ కొన్న ఆ పెద్ద కంపెనీ, ఫస్ట్ ఎయిర్, 2019లో కెనేడియన్ నార్త్‌తో కలిసిపోయింది. దాన్ని 2025లో దక్షిణాది కంపెనీకి అమ్మేశారు. ఎయిర్ ఇనుయిట్‌ను మాత్రం ఉంచుకున్నారు.

అల్లుడు మొన్న ఫోనులో చెప్పాడు, ఆ పెద్దాయన పోయాడట. శవాన్ని మాంట్రియల్ ఆసుపత్రి నుంచి వాళ్ళ విమానంలోనే ఊరికి తెచ్చారట.

ఇక్కడికి వచ్చే ముందు నాకు ఒక ఆలోచన వచ్చింది, ఆ నోట్ ఫైలు ఏమైందో కనుక్కుందామని. రికార్డు రూములో పనిచేసి రిటైరైన మిత్రుణ్ణి అడిగాను. "దాన్ని ఏం చేసి మూశావు?" అన్నాడు. ఎల్.డిస్. చేశానని చెప్పాను. ఇక్కడున్నవాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఆర్.డిస్. అయితే ఉండేది. ఎల్.డిస్. కాగితాలు అప్పుడే, ఎనభైలలోనే చింపేసి ఉంటారు. నంబరు మాత్రం నాకు గుర్తుంది.

బయట టీ సిద్ధంగా ఉందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు.